మా అత్త పేరున్న వంక

రెండు నెలల కింద గ్రామ సచివాలయం నుంచి సర్వే చేసే అమ్మాయి ఒకామె ట్యాబు పట్టుకుని మా వీధికి వచ్చింది. పొలాలన్నీ మళ్ళీ కొలుస్తున్నారట, మా చేను హద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పమని అడిగింది. మా ఆయనకు మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు, కొడుకు ఎమ్మిగనూరు పోయి ఉన్నాడు, అందుకని నేనే అరుగు మీదికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె వేలితో అటూ ఇటూ జరుపుతూ, ఇదిగో అవ్వా మీ చేను, ఇది బండ్ల దారి అని ఓపికగా చూపించింది. చేనుకు పడమరగా ఒక నీలం గీత వంకర తిరిగి పోతుంటే దాని మీద వేలు పెట్టి, ఇది రాళ్ళ వంక అన్నది. నేను అవునమ్మా అన్నాను. తాగడానికి నీళ్ళు తెస్తానని లేచి లోపలికి పోయి, చెంబు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఆ వంక పేరు రాళ్ళ వంక కాదు. దాని అసలు పేరు ఈరమ్మ వంక. ఈరమ్మ మా అత్త. ఈ పేరును నా చేత్తో కాగితం మీద ఇక్కడ రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. రాళ్ళ వంక అని పేరు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పలేదు. నేను అయిదో తరగతి వరకే చదివాను, ఉత్తరాలు తప్ప వేరే ఏదీ రాసి ఎరుగను. మాటలు ముందూ వెనకా అయితే ఏమీ అనుకోకండి. నా ఈడు వాళ్ళు చదివితే నేను చెప్పేది అర్థమవుతుందన్న ధైర్యంతో మొదలుపెట్టాను.

మాది నందవరం దగ్గర చిన్న ఊరు. పడమర పక్క ఒక బోడి గుట్ట ఉంది. వాన పడినప్పుడు ఆ గుట్ట మీది నుంచి రెండు కాలువల్లాగా నీళ్ళు దిగి, కింద రేగడి చేలల్లోకి వచ్చేసరికి ఒకటైపోతాయి. అదే మా వంక. పెద్ద వంకేమీ కాదు, ఎండాకాలంలో ఒక గట్టు మీది నుంచి రాయి విసిరితే రెండో గట్టు దాటిపోయేది. చేలల్లో కొంతదూరం తిన్నగా పోయి, ఒక పెద్ద బండ అడ్డం వస్తే దాన్ని చుట్టుకుని మలుపు తిరిగి, అక్కడి నుంచి ఎమ్మిగనూరు దారి కింద మోరీలో దూరి, ఇంకా ఎన్నో చేలు దాటి తుంగభద్రలో కలుస్తుంది. నేను అంత దూరం పోయి చూడలేదు, చెప్పగా విన్నదే. ఇంత చిన్న వంకకు కూడా ఒక్క పేరు లేదు. గుట్ట దగ్గర గొర్రెలు మేపేవాళ్ళు గుట్ట వంక అనేవారు, దారి దగ్గర బండ్లు తోలేవాళ్ళు మోరీ వంక అనేవారు. మధ్యలో బండ దగ్గరి మలుపు మాత్రం ఈరమ్మ వంక. మగవాళ్ళు ఆ మాట అనేవాళ్ళు కారు, వాళ్ళకు వంక అంటే వంకే. ఆ పేరు నీళ్ళకు పోయే ఆడవాళ్ళు పెట్టుకున్నది, ఆడవాళ్ళ నోళ్ళలోనే తిరిగేది.

ఆ పేరు ఎట్లా వచ్చిందన్నది నేను కాపురానికి రాకముందు కథ. వరసగా రెండేళ్ళు వానలు లేక ఊరి బావి అడుగంటినప్పుడు, మా అత్త ఆ బండ కింద ఇసకలో చేత్తో తోడి చెలమ తీసింది. మొదటిరోజు మోకాలి లోతు తోడితే తడి కనిపించిందట, మరునాడు నడుము లోతుకు నీళ్ళు ఊరాయట. అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం ఆమె ఆ చెలమకు కాపలా. తెల్లవారకముందే పోయి రాత్రి జారిన ఇసక తీసేసేది, అంచుకు రాళ్ళు పేర్చేది, చెప్పులతో ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. వరస చెప్పేదీ ఆమే. చెలమ నీళ్ళు బిందెతో ముంచడానికి రావు, కొబ్బరి చిప్పతో తోడి పోసుకోవాలి, నాలుగు కడవలు నిండాక మళ్ళీ ఊట వచ్చేదాకా కూర్చోవాలి. ఊరి బావి దగ్గరికి రానివ్వని అవతలి గేరి అనే ఊరి బయటి వాడ ఆడవాళ్ళు కూడా అక్కడ అందరితో పాటు వరసలో నిలబడేవాళ్ళు, అదే చిప్పతో వాళ్ళే తోడుకునేవాళ్ళు. దాని మీద ఊరి పెద్దలు మా మామను పిలిపించి గట్టిగా మందలించారని, మా అత్త మాత్రం ఇసక తోడిన చేతులకు లేని మైల చిప్పకు యాడిది అని అడిగిందని ఆ ఆడవాళ్ళే నాకు చెప్పారు.

నేను ఆదోనిలో పుట్టి పెరిగిన దాన్ని. మా నాయన జిన్నింగు మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. మిల్లు పక్కనే బడి ఉండబట్టి ఆ అయిదు తరగతులైనా వచ్చాయి. వీధిలో కొళాయి ఉండేది. అట్లాంటి చోటి నుంచి పదిహేడేళ్ళకు ఈ ఊరికి కోడలిగా వస్తే, చదువు వచ్చిన ఆడపిల్ల ఊరంతటికీ నేనొక్కదాన్నే. అందరూ ఉత్తరాలు నాచేతే చదివించుకునేవాళ్ళు. దాంతో నాకు కొంచెం గర్వం ఉండేది, ఒప్పుకుంటాను.

మన కాలంలో కోడలు అత్తమామల పేర్లు, మొగుడి పేరు నోటితో పలకకూడదని మీకు తెలుసు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మా పక్కింటి వదిన వాళ్ళ మామ పేరులో సోముడు ఉన్నాడని ఆమె మతి సరిగ్గా ఉన్నంతకాలం సోమవారాన్ని ఆదివారం మరునాడు అనే చెప్పింది. సోమవారం సంతకు పోవాలంటే ఆమె చెప్పే లెక్క అర్థంకాక ఆమె కొడుకులే విసుక్కునేవాళ్ళు. నా కష్టం ఇంకో రకం. ఊరి ఆడవాళ్ళందరూ ఈరమ్మ వంకకు పోతాండాం రా మే అని పిలుస్తుంటే, నేను మాత్రం ఆడికే వస్తాండా అనాలి. రోజుకు రెండుసార్లు పోయే చోటు పేరు అనలేని దాన్ని ఊర్లో నేనొక్కదాన్నే.

ఇంక అసలు సంగతికి వస్తాను. నా పెద్దకొడుక్కి అప్పటికి ఎనిమిది నెలలు. ముందురోజు నుంచి జ్వరం, పాలు కూడా తాగలేదు. బిడ్డను మా ఆయన దగ్గర వదిలి పొద్దున్నే చెలమ దగ్గరికి పోతే అప్పటికే పదిహేను కడవలు వరసలో ఉన్నాయి. మా అత్త పెట్టిన కట్టుబాటు ఒకటుంది, మా ఇంటి కడవ అందరికంటే చివర నింపుకోవాలి. ఆ ఒక్కరోజుకు ముందు నింపుకోనిమ్మని అడిగాను. పది మంది వింటుండగానే ఆమె చెప్పింది.

"మనింటోల్లము కడాన నింపుకోవల్ల. ఒకపారి ముందర నింపుకుంటే ఈ సెలమ మనదైపోతాది మే, ఊరిది కాకుండా పోతాది."

బిడ్డకు జ్వరమని అన్నాను. నేనుండానుగదా, నేను ఇంటికి పోయి సూసుకుంటా అన్నది. నేను కడవ దించలేదు. అప్పుడు వరసలో ఒకామె, కొళాయి నీళ్ళు తాగిన పిల్ల, నిలబడే అలవాటు యాడుంటాది అనేసరికి అందరూ నవ్వారు. మా అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. నవ్వి, తన కడవ ఆ రోజు ఎవరో ముందే నింపిపెట్టి ఉంటే నెత్తిన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె కడవ నిండింది, నా కడవ ఒట్టిది. అదొక్కటే నా కళ్ళకు కనిపించింది.

ఒక్కొక్కరే నింపుకుని పోయారు. చివరికి నేనొక్కదాన్నే మిగిలాను. ఊట కోసం కూర్చుని ఉంటే గట్టు మీద ఇద్దరు మనుషులు కనబడ్డారు, ఒకరి భుజాన కొలిచే గొలుసు, ఇంకొకాయన చేతిలో చుట్టిన పెద్ద కాగితం. కాగితం ఆయన కొంచెం వయసు మీరినవాడు, మాట తీరు మా వైపుది కాదు. ఈ వాగును మీ ఊళ్ళో ఏమంటారమ్మా అని అడిగాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకున్నాను. అది భయమనుకున్నాడు పాపం. ఊళ్ళో మగవాళ్ళను అడిగితే వంకకు పేరేంటి అంటున్నారు, ఇక్కడ నీళ్ళకు వచ్చేవాళ్ళకే తెలిసి ఉంటుంది, గుట్ట నుంచి నది వరకు ఒకటే గీత, ఒకటే పేరు రాయాలి అని చెప్పాడు. మళ్ళీ నన్ను చూసి, "నోటితో చెప్పలేకపోతే రాసివ్వమ్మా. రాయడం వచ్చా?" అని పెన్సిలు ఇచ్చాడు.

తల ఊపి తీసుకున్నాను. పేరు పలకకూడదు, నిజమే. రాయకూడదని మాత్రం ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఊరి ఆడవాళ్ళలో రాయడం వచ్చినది నేనొక్కదాన్నే కాబట్టి దానికి కట్టుబాటే పుట్టలేదు. చేతికి అడ్డం ఏదీ లేదు. ఈ అని మొదలుపెట్టాను కూడా. సగం రాసి ఆగాను. వరసలో వాళ్ళ నవ్వు, దాని వెనక ఆమె నవ్వు చెవిలో పడ్డాయి. ఆ సగం అక్షరాన్ని కొట్టేసి, ఎదురుగా బండ కనిపిస్తుంటే రాళ్ళ వంక అని రాశాను. గుండ్రంగా, బళ్ళో నేర్పినట్టు రాశాను. అక్షరాలు బాగున్నాయమ్మా అన్నాడాయన. నాకు సంతోషం కలిగింది. అది కూడా దాచకుండా చెప్పాలి, ఆ పూట నాకు సంతోషం కలిగింది.

కడవ నింపుకుని ఇంటికి వస్తే మా అత్త బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. తను తెచ్చిన కడవలో సగం నీళ్ళు అయిపోయాయి. గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తూ, వేడెక్కగానే తీసి మళ్ళీ తడుపుతూ ఉంది. జ్వరం కొంచెం దిగింది, పాలివ్వు మే అని బిడ్డను అందించింది. కడవ ముందే నింపిపెట్టమని వరసలో మొదటి ఆమెను అడిగి, తన పరువు పక్కన పెట్టి ఆ పూటకు తన కట్టుబాటును తానే తప్పింది ఈ బిడ్డ కోసమేనని నాకు మధ్యాహ్నం తెలిసింది. అప్పుడే పరుగెత్తి ఆ సర్వే ఆయన్ను పట్టుకుని ఉండవచ్చు. వాళ్ళు పక్క ఊళ్ళోనే నాలుగు రోజులు ఉన్నారు. రేపు పోదామనుకున్నాను. కాగితం మీద పేరుకు ఏమవుతుంది, అందరూ పిలిచే పేరు పిలుస్తూనే ఉంటారు కదా అని కూడా అనుకున్నాను. నాలుగు రోజులు అయిపోయాయి.

తర్వాత చాలా ఏళ్ళకు ఎమ్మిగనూరు దారికి తారు వేసి, వంక మీద కొత్త కల్వర్టు కట్టారు. గోడకు నాపరాయి పలక ఒకటి పెట్టి అక్షరాలు చెక్కించారు. వంక పేరు రాసినారంట అన్న మాట ఊళ్ళోకి వచ్చింది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళకు చదువు రాదు, వంక పేరంటే వాళ్ళకు తెలిసింది ఒక్కటే. ఈరమ్మా, నీ పేరు రాతిలో కొట్టించినారంట గదా, ఇంగ మాతో మాట్లాడతావా నువ్వు అని మా అత్తను ఆటపట్టించారు. ఆమె పొండి మే అని కసిరింది కానీ, మరునాడు ఉతికిన చీర కట్టుకుని, నన్ను తోడు రమ్మని బయలుదేరింది. నేను వెనక వెనకే నడిచాను.

పలక ముందు నిలబడి ఆమె, "ఏం రాసినారు మే, సదువు" అన్నది.

"నీ పేరే అత్తా" అన్నాను.

ఆమె దగ్గరికి జరిగి ఒక్కో అక్షరం మీద చూపుడు వేలు పెట్టి, గాడిలో దుమ్ము తుడుస్తున్నట్టు మెల్లగా రాస్తూ పోయింది. చివరి అక్షరం దాకా పోయి, మళ్ళీ మొదటికి వచ్చింది. "నా పేరు ఇంత సిన్నదా మే" అన్నది.

తిరిగి వస్తూ వంకలోకి దిగినప్పుడు ఆమె ఆగింది. ఇసక చదునుగా ఉన్న చోట కూర్చుని, నువ్వు రాస్తే ఎట్లుంటాదో సూస్తా, ఈడ రాయి అన్నది. అంత వయసు వచ్చినా వేలిముద్ర వేసిన మనిషే, తన పేరు ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. రాస్తే అక్షరాలు వేరుగా ఉన్నాయని గుర్తుపడుతుందేమోనని భయపడ్డాను. ఇప్పుడే కదా ఒక్కొక్కటీ వేలితో తడిమి వచ్చింది.

"రాయగూడదత్తా. రాసినా పలికినట్లే అంట" అన్నాను.

"అట్లనా" అన్నదామె. "నాకు తెల్దు మే. సదువుకున్నదానివి, నీకు తెలుస్తాది."

మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి నడిచింది. లేని కట్టుబాటును నేను ఆ నిమిషంలో పుట్టించాను, ఆమె నమ్మింది. నమ్మిందా, నమ్మినట్టు ఊరుకుందా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు. ఆ తర్వాత ఇంకెవరినీ ఆ పలక చదవమని అడగలేదు, ఆ దారిన పోవాల్సి వస్తే మాత్రం కల్వర్టు దగ్గర ఒక క్షణం ఆగేది. ఆరేళ్ళ తర్వాత పోయింది. తన పేరు రాసి ఉండగా ఒక్కసారి కూడా చూడకుండానే పోయింది. ఒక వేలు కదిలిస్తే అయిపోయే పని అది.

సర్వే అమ్మాయికి చెంబుతో నీళ్ళు ఇచ్చాక, అమ్మా ఆ పేరు తప్పు అని చెప్పేశాను. ఆమె నన్ను ఆశ్చర్యంగా చూసి, పాత రికార్డులో ఎట్లుంటే అట్లే వస్తాదవ్వా అన్నది. మార్చాలంటే ఊళ్ళో పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి చెప్పాలట, అప్పుడు తను రాసి పైకి పంపిస్తుందట, అయ్యేదీ కానిదీ వాళ్ళ చేతుల్లో ఉంటుందట.

మొదట మా ఆయన్నే అడిగాను. ఆమె కన్నకొడుకు. మంచం మీది నుంచే, "మా అమ్మ పేరు వంకకు యాల పెడతారు? మీ ఆడోల్లు ఏమో అనుకుంటాంటిరి" అన్నాడు. మగవాళ్ళు పదిమందిని అడిగితే పదిమందీ కల్వర్టు మీద ఉండేదే గదా అన్నారు. ఆ వరసలో నిలబడిన ఆడవాళ్ళలో పోయినవాళ్ళు పోగా, కొందరు మిరప కోతలకని గుంటూరు వైపు పోయి అక్కడే కూతుళ్ళ దగ్గర ఉండిపోయారు. సోమవారం అనని వదినకు ఇప్పుడు ఏ వారమో కూడా తెలియదు. చివరికి అవతలి గేరికి పోయాను. నాకంటే పెద్దది ఒకామె ఉంది, వరసలో నా ముందు నిలబడేది. ఎండలో కూర్చుని ఆముదం గింజలు ఒలుస్తోంది. బండ దగ్గరి వంకను ఏమనేవాళ్ళం అక్కా అని అడిగాను. తల ఎత్తకుండానే, "ఈరమ్మ వంక గాకుంటే ఇంగేం వంక" అన్నది. అక్కడే కూర్చుండిపోయాను. ఏమైంది మే నీకు, కండ్లలో దుమ్ము పడిందా అని ఆమె నా వీపు నిమిరింది.

నేను చేసింది ఆమెకు అక్కడే చెప్పాను, మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆమె గింజలు ఒలవడం ఆపలేదు. మా సేతులకు ఆ యమ్మ సిప్ప ఇచ్చింది, నీ సేతికి ఆ సారు పెన్సిలు ఇచ్చినాడు అని మాత్రం అన్నది. అంతకంటే ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మరునాడు ఇద్దరం ఆటోలో సచివాలయానికి పోయాం. అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని పేరు సెప్పవ్వా అన్నది. నోరు తెరిచాను, రాలేదు. మా అత్త పోయి ఇన్నేళ్ళయింది, నేనే ఇద్దరు కోడళ్ళకు అత్తను, అయినా నాలుక కదల్లేదు. కాగితం అడిగి తీసుకుని రాశాను. పక్కన ఆమె వేలిముద్ర వేసింది. ఇద్దరే వచ్చారు, ఇంకొకరుంటే బాగుండేది అని అమ్మాయి అన్నది గానీ కాగితం తీసుకుంది. ఇప్పటికి నెల దాటింది, ఏ కబురూ లేదు. రాకపోవచ్చు.

వచ్చినా ఏముంది అని కూడా అనిపిస్తుంది. వంకలో ఇసక ట్రాక్టర్లతో పోయింది, బండ ఒక్కటి మిగిలింది. ఇంటింటికీ కొళాయి వచ్చింది, మంచిదే, చివర నింపుకునే అవసరం ఎవరికీ లేదు. మొన్న కళ్ళు చూపించడానికి చిన్నకోడలు నన్ను ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయింది. చీటీ రాసేచోట వాళ్ళు అడగగానే నా పేరు, ఇంటిపేరు, వయసుతో సహా గట్టిగా చెప్పింది. అంత జనంలో నా పేరు కోడలి నోట వినేసరికి ఒళ్ళు జల్లుమంది. ఒకప్పుడైతే కోపం వచ్చి ఉండేది. వాళ్ళకు సరిగ్గా వినబడక మళ్ళీ అడిగారు. ఆ పిల్ల విసుక్కోకుండా, ఒక్కో అక్షరం విడదీసి, వాళ్ళు రాసేదాకా నిలబడి, రాసింది సరిగ్గా ఉందో లేదో వంగి చదువుకుని, అప్పుడు నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.